మనిషేనన్న జడ్జి: ఎల్మర్ డండీ రెండు తీర్పులు

కొన్నేళ్ల కిందట ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవ సభలో ఒక వక్త అమెరికా కథ ఒకటి చెప్పారు. 1879లో ఒక తెల్ల జడ్జి ఆదివాసీ కూడా మనిషేనని తీర్పు ఇచ్చాడని, ఆ రోజు నుంచి అక్కడి ఆదివాసులకు న్యాయం మొదలైందని. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇంటికి పోతుంటే దారిలో ఒక అనుమానం పట్టుకుంది. మనిషి కాదని ముందు అన్నది ఎవరు? అవునని చెప్పే పని ఆ జడ్జికి ఎందుకు పడింది?

తర్వాత ఆ తీర్పు సంపాదించి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నాది టీచర్ ట్రైనింగ్ నాటి ఇంగ్లిషు, వారం రోజులు పట్టింది. కథనీ కవితనీ విమర్శించినట్టే తీర్పునీ విమర్శించవచ్చని అప్పుడు అర్థమైంది. తీర్పులోనూ చెప్పేవాడు ఒకడుంటాడు. ఎవరిని ఎలా వర్ణించాలి, ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి అన్నది అతని చేతిలోనే ఉంటుంది. ఆ జడ్జిని తిట్టడానికి ఇది రాయడం లేదు. కానీ ఆయన కథను సగం చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మన పిల్లలకు మంచిది కాదనిపించి రాస్తున్నాను.

ఆ జడ్జి పేరు ఎల్మర్ స్కిపియో డండీ. 1830లో ఒహాయోలో పుట్టాడు. 1853లో పెన్సిల్వేనియాలో లాయరయ్యాడు. 1857లో పడమటికి బయల్దేరి నెబ్రాస్కా టెరిటరీకి వచ్చి, ఫాల్స్ సిటీ అనే ఊళ్లో స్థిరపడ్డాడు. టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం. గవర్నర్‌నీ జడ్జీలనీ వాషింగ్టన్ నుంచే నియమించేవారు. వచ్చిన మరుసటి ఏడాదే డండీ అక్కడి శాసనసభలో పై సభకు సభ్యుడయ్యాడు. 1863లో టెరిటరీ జడ్జి అయ్యాడు. 1867లో నెబ్రాస్కా రాష్ట్రమైతే, 1868లో ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ ఆయన్ని అక్కడి ఫెడరల్ జిల్లా జడ్జిగా వేశాడు. 1896లో చనిపోయే దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. లాయరు, శాసనసభ్యుడు, జడ్జి. ఆ కాలంలో పడమటికి పోయిన చదువుకున్న తెల్లవాళ్లలో చాలామంది ఎక్కిన మెట్లే ఇవి.

ఆ మెట్లు ఏ నేల మీద కట్టారో కూడా చూడాలి. 1854 మార్చిలో ఒమాహా తెగ, ఓటో-మిస్సౌరియా తెగ ఒకదాని వెనుక ఒకటి తమ భూములు వదులుకుంటూ ఒప్పందాలు చేసుకున్నాయి. అదే ఏడాది మే నెలలో నెబ్రాస్కా టెరిటరీ ఏర్పాటైంది. మూడేళ్లకు డండీ వచ్చాడు. పెద్దమనుషుల జీవిత చరిత్రల్లో దాన్ని కొత్త నేల అంటారు. మూడేళ్ల ముందు వరకు అది ఎవరికో పాత నేలే.

ఇక పోంకాల సంగతి. వాళ్లది చిన్న తెగ. నయోబ్రారా అనే నది మిస్సౌరీ నదిలో కలిసే చోట ఉండేవాళ్లు. మొక్కజొన్న పండించేవాళ్లు, అడవి దున్నల వేటకు పోయేవాళ్లు. 1817 నుంచీ అమెరికా ప్రభుత్వంతో ఒప్పందాలు రాసుకున్నారు. ప్రభుత్వంతో ఎన్నడూ యుద్ధం చేయలేదు. 1858లో చాలా భూమి వదులుకున్నారు, మిగిలిన ముక్కలో ఉండనిస్తామని ప్రభుత్వం రాసిచ్చింది. అక్కడ దాన్ని రిజర్వేషన్ అంటారు. మన పిల్లలు ఈ మాట వినగానే ఉద్యోగంలో వాటా అనుకుంటారు కాబట్టి చెబుతున్నాను. అది ఒక తెగ ఉండడానికి గీత గీసి ఉంచిన నేల. 1868లో ప్రభుత్వం ఫోర్ట్ లారమీ దగ్గర సూ జనంతో ఇంకో ఒప్పందం రాసుకుంది. ఆ రాతలో పొరపాటున పోంకాల నేలను కూడా సూలకు ఇచ్చేసింది. పొరపాటని తెలిశాక కాగితం దిద్దలేదు. మనుషుల్ని కదిలించింది.

1877లో పోంకాలందర్నీ సైన్యం కాపలాలో దక్షిణాన ఇండియన్ టెరిటరీకి, అంటే ఇప్పటి ఓక్లహోమాకు తోలారు. అంతకుముందు చోటు చూపిస్తామని పది మంది పెద్దల్ని తీసుకెళ్లారు. ఆ నేల వద్దని వాళ్లు చెబితే వెనక్కి తీసుకురామన్నారు. పెద్దలు చలికాలంలో నడిచి ఇల్లు చేరారు. అయినా తరలింపు ఆగలేదు. దారిలోనూ, పోయిన చోట జ్వరాలతోనూ వందకు పైగా చచ్చిపోయారు. పెద్దల్లో ఒకడైన స్టాండింగ్ బేర్ కూతురు దారిలోనే పోయింది. 1878 చివర్లో కొడుకు పోయాడు, పదహారేళ్ల వాడు. నన్ను మన నది ఒడ్డునే పాతిపెట్టు అని ఆ పిల్లాడు తండ్రి దగ్గర మాట తీసుకున్నాడు. 1879 జనవరి 2న స్టాండింగ్ బేర్ కొడుకు ఎముకల్ని పెట్టెలో పెట్టుకుని, ముప్పై మంది దాకా తోడు రాగా, మంచులో ఉత్తరానికి బయల్దేరాడు. రెండు నెలలు నడిచారు. చుట్టాల్లాంటి ఒమాహా తెగ వాళ్ల దగ్గరికి చేరేసరికి తిండి లేదు, కాళ్లకు సరైన చెప్పులు లేవు.

అనుమతి లేకుండా రిజర్వేషన్ వదిలారని వాళ్లను పట్టుకుని తిరిగి పంపమని పైనుంచి ఆర్డరు వచ్చింది. జనరల్ జార్జ్ క్రూక్ వాళ్లను ఫోర్ట్ ఒమాహాలో ఉంచాడు. ఆ పని క్రూక్‌కే మనసొప్పలేదు. థామస్ టిబుల్స్ అనే పత్రికా రచయిత ఈ సంగతి పత్రికకెక్కించాడు. జాన్ వెబ్‌స్టర్, ఆండ్రూ పాపుల్టన్ అనే ఇద్దరు లాయర్లు ముందుకొచ్చారు. పాపుల్టన్ పెద్ద రైల్వే కంపెనీకి లాయరు. వాళ్లు డండీ కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. ఏ అధికారంతో ఈ మనుషుల్ని బంధించావో కోర్టు ముందుకు తెచ్చి చెప్పు అని అడిగేదే ఆ పిటిషన్. మన రాజ్యాంగంలో 32, 226 అధికరణల కింద మనకూ అదే ఉంది, అదే పేరుతో.

ప్రభుత్వ లాయరు లాంబర్ట్‌సన్ చెప్పిన జవాబు ఏమిటో మన పిల్లలు గుర్తు పెట్టుకోవాలి. వీళ్లు నేరం చేశారని అతను అనలేదు. ఇండియన్ చట్టం చెప్పే వ్యక్తి కాడు, కాబట్టి కోర్టు గుమ్మం ఎక్కి అడిగే హక్కే లేదు అన్నాడు. నా మొదటి అనుమానానికి జవాబు ఇక్కడ దొరికింది. మనిషి కాదన్నది ఎవరో అడవిలో తిరిగే మూర్ఖుడు కాదు, కోటు వేసుకున్న ప్రభుత్వమే.

విచారణ 1879 మే 1, 2 తేదీల్లో జరిగింది. చివర్లో స్టాండింగ్ బేర్‌ని మాట్లాడనిచ్చారు. చెయ్యి చాపి, ఈ చేతి రంగు మీ చేతి రంగు కాదు గానీ గుచ్చితే నాకూ నొప్పే, వచ్చే నెత్తురూ ఒకటే అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడని టిబుల్స్ రాశాడు. ఆ మాటలు దుబాసీ నోటి మీదుగా, టిబుల్స్ కలం మీదుగా మన దాకా వచ్చాయి. పోంకా భాషలో ఆ రాత్రి వినిపించిన మాటలు మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. భాష టీచర్లు ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి.

మే 12న తీర్పు వచ్చింది. అందులో గట్టి భాగం ముందు చెబుతాను, ఎందుకంటే అది నిజంగా గట్టిది. హెబియస్ కార్పస్ చట్టంలో ఉన్న మాట పౌరుడు కాదు, వ్యక్తి. ఇండియన్ వ్యక్తే, కాబట్టి కోర్టుకు రావచ్చు. శాంతిగా ఉన్న ఈ మనుషుల్ని బలవంతంగా ఇండియన్ టెరిటరీకి తోలే అధికారం ఏ చట్టంలోనూ లేదు. ఇతరుల రిజర్వేషన్‌లో అనుమతి లేకుండా ఉంటే బయటకు పంపవచ్చు, కానీ సైన్యం వాళ్లను సివిల్ అధికారులకు అప్పగించాలి గానీ తనే ఊరేగించి తీసుకుపోకూడదు. కాబట్టి వదిలేయండి. లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో కస్టర్ సేన చచ్చి మూడేళ్లు కూడా నిండని రోజులవి. ఆదివాసి అంటే తెల్ల ఊళ్లు మండిపడుతున్న కాలంలో ఒక జనరల్‌కి నీకు అధికారం లేదని రాయడానికి గుండె కావాలి. ఆ మెచ్చుకోలు డండీకి దక్కాల్సిందే.

ఇక ఆ తీర్పు గొంతు సంగతి. మొదట్లోనే జడ్జి రెండు పక్షాల్నీ పరిచయం చేస్తాడు. ఒకవైపు ఒకప్పుడు బలంగా ఉండి ఇప్పుడు బక్కచిక్కిన, లెక్కలోకి రాని, అక్షరం రాని, అందరూ ఈసడించే జాతి. మరోవైపు ఎంతో శక్తి, ఎంతో జ్ఞానం, ఎంతో క్రైస్తవం ఉన్న దేశం. తన పదిహేనేళ్ల ఉద్యోగంలో ఇంత జాలి కలిగించిన కేసు రాలేదంటాడు. జాలి మీద కాకుండా చట్టం మీదే తీర్పు చెప్పాలనీ అంటాడు, అది మంచి మాటే. కానీ అక్షరం రాని జాతి అన్న చోట నాకు నవ్వొచ్చింది. 1868 ఒప్పందంలో తప్పు రాసింది అక్షరాలు వచ్చినవాళ్లే కదా.

తర్వాత వ్యక్తి అంటే ఏమిటని జడ్జి నిఘంటువు తెరుస్తాడు. అదీ వెబ్‌స్టరే, లాయరు వెబ్‌స్టర్ కాదు లెండి. ప్రాణం ఉన్నది, తానెవరో తనకు తెలిసినది, ఆడ, మగ, పిల్ల, మానవ జాతిలో ఒకరు అని నిఘంటువు అర్థం. ఈ అర్థం ఇండియన్‌ని సైతం కలుపుకునేంత విశాలంగానే ఉన్నట్టుంది అంటాడు జడ్జి. ఆ ‘సైతం’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా కోయవాళ్లం మమ్మల్ని మేము కోయతోర్ అనుకుంటాం. దానికి మనిషి అనే అర్థమని మా పెద్దలు చెబుతారు. మనిషి అని పేరు పెట్టుకున్నవాణ్ణి మనిషేనా అని చూడడానికి నిఘంటువు తెరిచారు. మంచి మనసుతోనే తెరిచారు, అయినా తెరిచారు.

చట్టంలో ఒక్క మాట ఎంత దూరం పోతుందో మనకూ తెలుసు. 1997లో సమత కేసులో మన సుప్రీంకోర్టు కూడా ఇదే మాట దగ్గర ఆగింది. షెడ్యూల్డ్ ప్రాంత భూమి బదలాయింపు రెగ్యులేషన్‌లో వ్యక్తి అని ఉంది కదా, ఆ వ్యక్తిలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, కాబట్టి అక్కడి ప్రభుత్వ భూమిని గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని మెజారిటీ తీర్పు చెప్పింది. ఒమాహాలో ఆ మాట తలుపు తెరిచింది, బొర్రా కొండల దగ్గర ఆ మాటే తలుపు మూసింది. రెండుసార్లూ మనవాళ్లకు మేలే జరిగింది.

ఇప్పుడు సభల్లో చెప్పని భాగానికి వస్తాను. ఆ తీర్పులో ఒక షరతు దాగి ఉంది. స్టాండింగ్ బేర్, అతని మనుషులు తమ తెగతో సంబంధం శాశ్వతంగా తెంచుకున్నారని, తెల్లవాళ్లలా కష్టపడి బతకాలనుకుంటున్నారని జడ్జి ఒప్పుకున్నాడు. తన జనాన్ని విడిచిపోయే హక్కు తెల్లవాడికి ఉన్నట్టే ఇండియన్‌కీ ఉంది అన్నాడు. విడుదలకు ఆసరాగా నిలిచిన వాదన అదే. లాయర్లు వేరే దారి లేక అలా వాదించారు, స్టాండింగ్ బేరూ ఒప్పుకున్నాడు. నేను తప్పుపట్టను. కటకటాల వెనక ఉన్నవాడు దొరికిన తాడు పట్టుకుంటాడు.

కానీ ఆలోచించండి. కొడుకు ఎముకలు మోసుకుంటూ మంచులో రెండు నెలలు నడిచాడు. ఎందుకు? తాతల పక్కన పడుకోబెట్టడానికి. తెగలో ఉన్నవాడు మాత్రమే చేసే పని అది. తెగ వద్దనుకున్నవాడు ఎముకల్ని ఎక్కడైనా పాతి ఊరుకుంటాడు. ఆ నడకని కోర్టు తెగ విడిచిన నడకగా రాసుకుంది. డండీ దుర్మార్గుడై అలా రాయలేదు. తెగతో కలిసి ఉన్న మనిషికి ఆయన చదివిన చట్టంలో చోటు లేదు. విడిగా, ఒంటరిగా నిలబడ్డ మనిషే ఆ చట్టానికి కనిపించాడు.

ఆ షరతుకు పరీక్ష తొందరగానే వచ్చింది. జాన్ ఎల్క్ అనే ఆదివాసి తన తెగను విడిచి ఒమాహా పట్నంలోనే బతుకుతున్నాడు. డండీ చూపించిన దారి అదే కదా. 1880 ఏప్రిల్‌లో నగర ఎన్నికకు ఓటరుగా పేరు రాయించుకోబోతే, నువ్వు ఇండియన్‌వి, పౌరుడివి కావని రిజిస్ట్రార్ చార్లెస్ విల్కిన్స్ తిప్పి పంపాడు. ఎల్క్ ఫెడరల్ కోర్టుకు పోయాడు. వెబ్‌స్టర్, పాపుల్టన్‌లే ఈసారీ లాయర్లు. కేసు విన్న ఇద్దరు జడ్జీల్లో ఒకరు మెక్‌క్రారీ, మరొకరు డండీ. నువ్వు చెప్పిందంతా నిజమే అనుకున్నా చట్టం ప్రకారం నీకు కేసు లేదు అని కొట్టేశారు. 1884 నవంబర్ 3న సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. ఏడుగురు ఒకవైపు, హార్లన్, వుడ్స్ అనే ఇద్దరు మరోవైపు. తెగను విడిచినంత మాత్రాన ఇండియన్ తనంతట తాను పౌరుడు కాలేడు, దేశం ఒప్పుకోవాలి అన్నారు. దేశం ఆదివాసులందరినీ పౌరులుగా ఒప్పుకున్నది 1924లో.

లాయర్లను అడిగితే రెండు తీర్పులకూ పొత్తు కుదురుతుందంటారు. వ్యక్తి వేరు, పౌరుడు వేరు. నిజమే, మన రాజ్యాంగం కూడా 21లో వ్యక్తి అంటుంది, 19లో పౌరుడు అంటుంది. డండీ మాట తప్పలేదు. 1879లోనే తాను పౌరుల గురించి మాట్లాడటం లేదని జాగ్రత్తపడ్డాడు. కానీ ఎల్క్ వైపు నుంచి చూడండి. మొదటి తీర్పు నీ తెగను వదిలితే నిన్ను మనిషిగా చూస్తాం అంది. వదిలి వస్తే రెండోది, నువ్వు పుట్టుకతో ఆ తెగవాడివే కదా అంది. తెగలో ఉంటే హక్కు సన్నబడుతుంది, బయటికొస్తే తెగ పేరు చెప్పి గుమ్మం మూస్తారు.

ఈ ముక్క చదివినప్పుడు నాకు అమెరికా గుర్తు రాలేదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక ఆఫీసులో కూర్చున్న పెద్దమనిషి నా సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి, ఇంత బాగా తెలుగు మాట్లాడుతున్నావు, ప్యాంటు వేసుకున్నావు, ఇంకా ట్రైబల్ ఏమిటయ్యా అన్నాడు. అదే ఏడాది ట్రైనింగ్‌లో లెక్కల పద్ధతి మీద నేను ఒక సందేహం అడిగితే పక్క బెంచీ వాళ్లు, ఏజెన్సీ నుంచి వచ్చావు, నీకెందుకయ్యా ఇవన్నీ అన్నారు. రెండు మాటలూ ఒకే ఏడాది, ఒకే మనిషి విన్నాడు. మన చదువుకున్న పిల్లల్లో ఇవి వినని వాళ్లు తక్కువ. కొందరు మొదటి మాటకు భయపడి పండక్కి ఇంటికి రావడం మానేస్తారు, ఫోన్‌లో తల్లితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తారు. వాళ్లకు జాన్ ఎల్క్ కథ తెలియాలి. ఇంటి భాష దాచుకున్నంత మాత్రాన అతనికి ఓటరు పట్టీలో చోటు దొరకలేదు.

స్టాండింగ్ బేర్ తమ్ముడు బిగ్ స్నేక్ కథ ఇంకా చిన్నది. అన్నకు వదిలిపోయే హక్కు ఉందని కోర్టు చెప్పింది కదా అని, అతను కొందరితో కలిసి దక్షిణాది పోంకా రిజర్వేషన్ వదిలి పక్కనున్న షయాన్‌ల దగ్గరికి వెళ్లాడు. ఆ తీర్పు ఆ ఒక్క కేసుకే చెల్లుతుందని సైన్యం పెద్దలు తేల్చేసి వెనక్కి తెప్పించారు. 1879 అక్టోబర్ 31న ఏజెంటు ఆఫీసులో అతన్ని అరెస్టు చేయబోయి, పెనుగులాటలో సైనికులు కాల్చి చంపారు. తీర్పు వచ్చి ఆరు నెలలు కాలేదు.

పోంకాల్లో కొంతమందికి తర్వాత నయోబ్రారా ఒడ్డున ఉండే అవకాశం దొరికింది. స్టాండింగ్ బేర్ అక్కడే బతికి 1908లో చనిపోయాడు. 1960లలో ప్రభుత్వం ఆ ఉత్తరాది పోంకాలను తెగల జాబితా నుంచే తీసేసింది. 1990లో మళ్లీ చేర్చింది. మనిషేనని ఒప్పుకున్నాక తొంభై ఏళ్లు నిండకముందే, మీరు తెగ కాదు పొమ్మన్నారన్నమాట. 2019లో స్టాండింగ్ బేర్ విగ్రహాన్ని వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనంలో పెట్టారు. డండీ పేరు మీద నెబ్రాస్కాలో ఒక కౌంటీ ఉంది. జడ్జిగారి కొడుకు, అతని పేరూ ఎల్మర్ డండీయే, 1903లో న్యూయార్క్‌లో లూనా పార్క్ అనే పెద్ద వినోదాల పార్కు పెట్టిన ఇద్దరిలో ఒకడు. తండ్రి తీర్పుల కంటే కొడుకు రంగులరాట్నాలే ఎక్కువ మందికి తెలుసంటే నేను ఆశ్చర్యపోను.

పోయినేడు ఈ కథ మా ఐదో తరగతికి చెప్పాను. బోర్డు మీద 1879 అనీ 1884 అనీ రాశాను. జడ్జి, పిటిషన్, వ్యక్తి, పౌరుడు అన్నీ నాకు చేతనైనంత వివరించాను. అయిపోయాక ఏమైనా అడుగుతారా అంటే చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరి వరసలో ఒక పిల్ల లేచింది. “ఆ ఎముకలు ఇల్లు చేరాయా సార్?”

చేరాయి అని చెప్పాను. కోర్టు వదిలాక తండ్రే తీసుకెళ్లి నది ఒడ్డున పాతిపెట్టాడని చెప్పాను. పిల్ల తల ఊపి కూర్చుంది.